‘ఒరే’ అనేవాళ్ళేరీ?

మన భాషలో మనిషికి ఒక్క పేరు చాలదు. బారసాల నాడు పళ్ళెంలో బియ్యం పోసి రాసిన పేరు బడి రిజిస్టరుకీ, శుభలేఖకీ, రేషన్ కార్డుకీ పనికొస్తుంది. ఇంట్లో దాన్ని వాడేదెవరు? అమ్మకు మనం చిన్నోడో పెద్దోడో, బుజ్జో బుల్లో. అక్కకు తమ్ముడు, వదినకు మరిది, మేనకోడలికి మామయ్య, తోడల్లుడికి అన్నగారు, ఎదురింటి ముసలమ్మకు అబ్బాయ్. పొద్దున్నే పాల ప్యాకెట్టు కోసం వీధి చివరికి వెళ్ళి వచ్చేలోగా మనిషి నాలుగు పేర్లు మారతాడు. నాలుగింటికీ పలుకుతాడు.

అంతటితో సరా? పేరు పిలవకపోయినా మన వాక్యానికి చివర తోక ఒకటుంటుంది. ‘వచ్చావురా’, ‘వచ్చావటే’, ‘వచ్చావా అమ్మా’, ‘వచ్చారాండీ’ - సంగతి ఒకటే. గోడ అవతల కూర్చుని వింటున్నవాడు సైతం ఆ తోక పట్టుకుని ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో చెప్పేయగలడు. కడప వైపు వెళితే ‘ఏంప్పా’ అంటారు. శ్రీకాకుళంలో ‘ఏటిరా’. కరీంనగరంలో ‘ఏం బిడ్డా’. మా కోనసీమలో ఎదుటివారు అడిగింది పూర్తి కాకముందే ‘ఆయ్’ అనేస్తాం, ఆ తర్వాతే సమాధానం వెతుక్కుంటాం. దీనికి ఊళ్ళవాళ్ళంతా నవ్వుతారు. నవ్వనివ్వండి.

చిన్నప్పుడు మీరంతా విభక్తులు బట్టీ పట్టే ఉంటారు. డు, ము, వు, లు ప్రథమతో మొదలుపెట్టి ఊపిరి తిప్పుకోకుండా షష్ఠీ సప్తమీ దాకా వెళ్ళిపోయి, చివరన ‘ఓ, ఓయి, ఓరి, ఓసి’ అంటూ సంబోధన ప్రథమ దగ్గర ఆగేవాళ్ళం. కేవలం పిలవడానికే మన వ్యాకరణం ఒక విభక్తి అట్టే పెట్టింది. ఇరవై ఏళ్ళుగా పాఠం చెబుతున్నాను గనక నాకు తోచిందొకటి చెబుతాను. సముద్రం దాటిన తెలుగువాడి దగ్గర మొట్టమొదట జారిపోయేది ఈ విభక్తే.

పరాయి దేశంలో మనవాళ్ళు దేనికి బెంగపెట్టుకుంటారని అడగండి. ఆవకాయ అంటారు, సంక్రాంతి ముగ్గులంటారు, వానకు తడిసిన మట్టి వాసన అంటారు. నిజమే. కాని ఆవకాయ ఇప్పుడు కొరియర్లో వెళుతోంది. డల్లాసులో గోంగూర దొరుకుతోంది. ముగ్గులూ గొబ్బెమ్మలూ కూడా అక్కడి హాళ్ళలో పెట్టుకుంటున్నారు. డబ్బిచ్చినా దొరకనిది, పెట్టెలో సర్దుకుని పోలేనిది ఒక్కటే - తనను తన పేరున పిలిచే మనిషి.

మాటవరసకు పాస్‌పోర్టు సంగతే తీసుకుందాం. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. వాళ్ళకు తిరకాసు. దరఖాస్తులో ఏ గడిలో ఏది రాయాలో తెలియక మనవాళ్ళు ఒక గడి ఖాళీగా వదిలేస్తే, అమెరికా వీసా మీద ఆ చోట ఎఫ్.ఎన్.యు. అని మూడు పొడి అక్షరాలు పడతాయి. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. ఏ తల్లో తొమ్మిది నెలలు మోసి, ఏ కొండకో మొక్కుకుని పెట్టుకున్న పేరు! అక్కడ దిగిన కుర్రవాణ్ణి బ్యాంకులోనూ ఆఫీసులోనూ ‘ఫ్నూ’ అని పిలిచినవాళ్ళున్నారట. పేరు సవ్యంగా పడినవాడి గతీ అంతంతమాత్రమే. ఆస్పత్రిలో నర్సు బయటికొచ్చి ఇంటిపేరు పెట్టి కేకేస్తుంది. మనకు ఇంటిపేరంటే తాతముత్తాతల ఊరో వాళ్ళ వృత్తో. దాంతో పిలిస్తే మనవాడు తననే అని గుర్తుపట్టి లేచేసరికి కొంచెంసేపు పడుతుంది.

ఇక పిల్లల సంగతి. బాబాయి, పెదనాన్న, మామయ్య, పెళ్ళిలో మడత మంచం దగ్గర పరిచయమైన మూడో వేలు విడిచిన చుట్టం - అందరూ కలిసి ‘అంకుల్’ అయిపోయారు. అత్త, పిన్ని, దొడ్డమ్మ ఒక్క ‘ఆంటీ’లో ఇమిడిపోయారు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఈ జబ్బు పరదేశంలోనే పుట్టలేదు. మన హైదరాబాదులోనూ, విజయవాడలోనూ అపార్టుమెంటు మెట్లమీద రోజూ వినిపిస్తూనే ఉంది. తేడా ఏమంటే ఇక్కడ ఆ మెట్లు దిగితే ఎక్కడో ఒకచోట ‘ఒరే’ అనేవాడు తగులుతాడు. అక్కడ తగలడు.

ఇది ఈనాటి బాధ కాదు. మాకు దగ్గరే, కాకినాడకు ఇవతల కోరంగి ఉంది. ఇప్పుడు మడ అడవులు చూడ్డానికి పడవెక్కే ఊరు. ఒకప్పుడది పెద్ద రేవు. 1839 నవంబరు తుఫాను దాన్ని ముంచేసింది, తిరిగి లేవలేదు. రేవు పోయినా పేరు పోలేదు. బర్మా వెళ్ళిన తెలుగు కూలీలనందరినీ, ఏ ఊరివాడైనా సరే, అక్కడ ‘కోరంగీలు’ అన్నారు. పర్లాకిమిడివాడూ కోరంగీయే, పాలకొల్లువాడూ కోరంగీయే. మన ముసలివాళ్ళు రంగం వెళ్ళాడనేవారే, ఆ రంగమే రంగూను. ఓడల్లో మూటలు మోసేందుకూ, ధాన్యం మిల్లుల్లో పనికీ వెళ్ళినవాళ్ళు. 1930 మే నెలలో రేవు పని కోసం బర్మావాళ్ళతో వచ్చిన కొట్లాటలో చచ్చినవాళ్ళు చాలామంది ఈ కోరంగీలే. 1942లో జపానువాళ్ళు వచ్చినప్పుడు కొండలూ అడవులూ దాటి కాలినడకన వచ్చినవాళ్ళూ, 1960ల్లో అక్కడి సైనిక ప్రభుత్వం పొమ్మంటే ఓడెక్కినవాళ్ళూ ఉన్నారు. అలా వచ్చినవాళ్ళకు విశాఖపట్నంలో కాపురానికి చోటిచ్చారు. దానికి జనం పెట్టిన పేరేమిటనుకున్నారు? బర్మా క్యాంపు. అక్కడున్నంతకాలం కోరంగీవాడు, ఇక్కడికొచ్చాక బర్మావాడు. సొంత పేరుతో పిలిచే ఊరేదీ దొరక్కుండానే కొందరి జీవితం వెళ్ళిపోయి ఉంటుంది.

మారిషస్ వెళ్ళినవాళ్ళది మరొక వింత. చెరకు తోటల్లో పనికి 1834 నుంచి మనదేశంవాళ్ళను ఒప్పందం మీద తీసుకువెళ్ళారు. పోర్ట్ లూయీ రేవులో దిగగానే ప్రతివాడికీ ఒక నంబరు. పేరు రాసుకునే గుమాస్తాకు తెలుగు రాదు, చెప్పేవాడికి ఇంటిపేరు వేరే చెప్పాలని తెలియదు. చెవికి ఎలా వినిపిస్తే అలా రాశారు. ఆ ఒక్క పేరే తర్వాత తరాలకు ఇంటిపేరు అయి కూర్చుంది. అంటే అక్కడ ఈనాటి మనుమలూ మునిమనుమలూ మోస్తున్నది ఓడ దిగిన ముత్తాత పిలుపు పేరన్నమాట. మనకు ఊరి పేరు ఇంటిపేరైతే వాళ్ళకు మనిషి పేరు ఇంటిపేరైంది. అయినా ఆ దేశంలో ఉగాది ప్రభుత్వ సెలవుదినం. అక్కడ మనవాళ్ళు పోగొట్టుకున్నదీ, పట్టుకుని వదలనిదీ రెండూ చెప్పుకోవాలి గదా.

అప్పట్లో ఊరికీ ఓడకీ మధ్య ఉత్తరం ఒకటే దారి. ఉత్తరాలంటే గుర్తొచ్చింది. ఈ కాలపు పిల్లలకు ‘చి. ల. సౌ.’ అంటే తెలియదు. చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి అని విడమరిచి చెబితే క్లాసంతా నవ్వింది. పాత ఉత్తరంలో సగం కార్డు సంబోధనకే పోయేది. మహారాజశ్రీ అనీ, బ్రహ్మశ్రీ అనీ, లక్ష్మీ సమానురాలైన అనీ మొదలుపెట్టి, ఉభయకుశలోపరి అన్నాక, అసలు సంగతికి మిగిలేది నాలుగు పంక్తులు. ఆ నాలుగింటిలోనూ రెండు ‘డబ్బు అందింది’ అనే. దండుగ అనుకునేవాణ్ణి కుర్రతనంలో. ఇప్పుడు చూడబోతే ఆ సంబోధనే అసలు సంగతి, డబ్బు అందడం కొసరు అనిపిస్తోంది. తర్వాత గల్ఫు వెళ్ళినవాళ్ళ కాలానికి క్యాసెట్లు వచ్చాయి. టేపురికార్డరు ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని వంతులవారీగా మాట్లాడి ఆ క్యాసెట్టు ఊరికి వెళ్ళొచ్చే మనిషి చేత పంపేవారు. నాన్న దగ్గు కూడా అందులో పడి వెళ్ళేది.

ఇప్పుడు ఖర్చు లేకుండా మొహం చూసుకుంటూ మాట్లాడుకోవచ్చు. ఏం మాట్లాడుకుంటున్నారో ఎప్పుడైనా విన్నారా? ‘తిన్నావా?’ ‘తిన్నాను.’ ‘ఏం కూర?’ ‘బెండకాయ.’ ‘ఇంకేంటి?’ ‘ఏముంది, నువ్వే చెప్పాలి.’ ‘ఇక్కడేముంటుంది.’ ‘ఇంకేంటి మరి?’ ఈ ‘ఇంకేంటి’ దగ్గర సముద్రాలు ఆగిపోతాయి. మాటలు అయిపోయాయని కుర్రకారు ఫోను పెట్టేయాలని చూస్తారు. ముసలివాళ్ళు పెట్టనివ్వరు. వాళ్ళకు కావలసింది కబురు కాదు.

మా పక్కవీధిలో రిటైరైన హెడ్మాస్టరుగారున్నారు. ఆయన కొడుకు డల్లాసులో ఉద్యోగం. శనివారం సాయంత్రం ఆరున్నరకు ఇక్కడినుంచి ఫోను చేస్తారు. వేసవిలో అయితే అక్కడ పొద్దున్న ఎనిమిది. ఫోను మోగి అవతల ఎత్తగానే ఈయన ‘ఒరేయ్ పెద్దోడా!’ అని పెడతారొక కేక, చేనుగట్టు మీదినుంచి కాలవ అవతలికి వేసినట్టు. ఆ కేకకు ఫోను అవసరమే లేదని మా ఇంట్లో హాస్యమాడుకుంటాం. నెమ్మదిగా మాట్లాడినా వినిపిస్తుంది మావయ్యా అని కోడలు రెండు మూడుసార్లు చెప్పి చూసింది. ఆయన వినలేదు. కొడుకు ఆమెతో ‘అనకు’ అన్నాడట.

నా చిన్ననాటి స్నేహితుడొకడు న్యూజెర్సీలో ఉన్నాడు. ఒకే బెంచీ మీద పదేళ్ళు కూర్చున్నాం. వాడి పేరు ఆరక్షరాలు. అక్కడి ఆఫీసులో దాన్ని రెండక్షరాలకు తెంచుకున్నారు. వాడి కింద చాలామంది పనిచేస్తున్నారు, చాలా మర్యాదగా చూస్తారు. గ్రీన్ కార్డు ఇంకా రాలేదు. ఏడాదికిచ్చే కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ నూటికి ఏడుకు మించకూడదన్నది అక్కడి చట్టం. మనదేశంవాళ్ళ వరుస చూస్తే ఈ తరానికి తెమిలేటట్టు లేదు. కార్డు లేనివాడు వీసా ముద్ర గడువు దాటాక దేశం బయటికి వస్తే, మళ్ళీ లోపలికి వెళ్ళడానికి కాన్సులేటులో కొత్త ముద్ర వేయించుకోవాలి. అది ఎన్నాళ్ళకు దొరుకుతుందో చెప్పలేరు. పిల్లల బడి, ఇంటి అప్పు, ఉద్యోగం అన్నీ ఆ ముద్ర మీద నిలబడి ఉంటాయి. అందువల్ల పెళ్ళిళ్ళకు రారు. పండక్కి రారు. వచ్చే ఏడాది అంటారు.

వాళ్ళ నాన్నగారు 2020 ఏప్రిల్లో పోయారు. అంతకు ముందు నెలలోనే విమానాలు ఆగిపోయాయి. వీసా ఉన్నా లేకున్నా ఒకటే అయింది. తమ్ముడు ఒక చేత్తో కొరివి పట్టుకున్నాడు, నేను వాడి ఫోను పట్టుకుని నిలబడ్డాను. మొహానికి గుడ్డ కట్టుకున్న ఏడుగురం. న్యూజెర్సీలో అప్పుడు రాత్రి. వీడు వంటింట్లో కుర్చీ వేసుకుని చూశాడు. ఆ వెలుతురు నాకు ఇంకా కనబడుతుంది. ఏమీ అనలేదు. పదమూడో రోజు వెళ్ళాక ఫోను చేసి అడిగాడు: ‘ఇహ నన్ను ఒరే అనేవాడివి నువ్వొక్కడివే కదరా?’ తల్లి అంతకు ముందే పోయింది. మేనమామ లేడు. తమ్ముడు అన్నయ్యా అంటాడు. లెక్క సరిపోయింది. మధ్యలో ఒక కాలంలో వాడి హోదా చూసి నా నోటికి ‘మీరు’ అడ్డుపడేది. వాడి ముఖం ముడుచుకుపోయేది. ఇప్పుడు ఆదివారం పూట ఫోను చేస్తే పనిగట్టుకుని రెండు ఒరేలు ఎక్కువే అంటాను.

వీళ్ళ సంగతి నయం సుమండీ. ఆదివారానికి ఒకసారైనా దొరుకుతోంది. కిందటేడు కరీంనగరంలో ఒక సభకు వెళ్ళి ఒకరింట్లో దిగాను. ఆ ఇంటి పెద్దావిడ మనుమడు దుబాయిలో భవనాల పనిలో ఉన్నాడు. ‘పైలం బిడ్డా, తిన్నవా కొడుకా, ఎండల తిరగకు’ - ఇంతే, ఇదే తిప్పి తిప్పి అంటుంది. కుర్రవాడు ‘ఆ అవ్వా’ అంటాడు. అక్కడ ఒక గదిలో ఆరుగురు పడుకుంటారట. పనిలో అందరినీ ‘రఫీక్’ అంటారట. రఫీక్ అంటే అరబ్బీలో నేస్తం. మాట చాలా మంచిది. వందమందికి అదే పేరయ్యాక ఎవణ్ణి పిలిచినట్టు?

అసలు నేనిది రాయడానికి కూర్చున్నది మా కాలేజీలో బి.ఎ. రెండో ఏడు చదివే ఒక అమ్మాయి మూలాన. సంబోధన ప్రథమ పాఠం అయ్యాక, ఇంట్లో మిమ్మల్ని ఎవరెవరు ఏమేమని పిలుస్తారో రాసి తీసుకురమ్మన్నాను. అందరూ ఒకటిన్నర పేజీ రాశారు. ఈ అమ్మాయి తనవి రాయలేదు. కువైట్‌లో ఉన్న తన తల్లివి రాసింది. రెండే పంక్తులు. అడిగితే ఏడవకుండా చెప్పింది, అదే నాకు కష్టమైంది.

కోనసీమ నుంచీ కడప జిల్లా నుంచీ ఇంటిపనికి కువైట్ వెళ్ళే ఆడవాళ్ళ గురించి మీకు తెలిసే ఉంటుంది. పదో తరగతి దాటని స్త్రీ ఆ దేశాలకు పనికి వెళ్ళాలంటే ముప్ఫై ఏళ్ళు నిండాలని మన ప్రభుత్వం నిబంధన పెట్టింది. వయసు పిల్లలకు అపాయం రాకూడదన్న మంచి ఉద్దేశమే. కాని మన పల్లెల్లో ముప్ఫై నిండిన ఆడమనిషి అంటే ఎవరు? తల్లి. ఇద్దరు పిల్లలు, పెద్దది బడిలో, చిన్నవాడు చంకలో. అంటే ఆ నిబంధన ఏరి ఏరి తల్లులనే విమానం ఎక్కిస్తోందన్నమాట. దీన్ని రాసినవాళ్ళకు ఇది తట్టి ఉండదు. వెళ్ళాక వీసా ఆ ఇంటి యజమానితో ముడిపడి ఉంటుంది. కఫీల్ అంటారు. ఆయన సరేనంటేనే మరో ఇంటికి మారడం. రెండేళ్ళకోసారి సెలవు, అదీ వాళ్ళకు వీలైతే.

ఈ అమ్మాయి తల్లి వెళ్ళి అయిదో ఏడు. మధ్యలో ఒక్కసారి వచ్చింది. ఆ ఇంటివాళ్ళు మంచివాళ్ళే, జీతం నెలనెలా ఇస్తారు. ఆమె పేరు వాళ్ళకు నోరు తిరగక తమకు వీలైన పేరొకటి పెట్టుకున్నారు. అమ్మవారి పేరు పెట్టుకున్న మనిషి, పొద్దున్న అయిదు నుంచి ఆ కొత్త పేరుకు పలుకుతుంది. ఇల్లు సద్దుమణిగి గిన్నెలు కడిగేసరికి అక్కడ తొమ్మిది, ఇక్కడ పదకొండున్నర. అప్పుడు ఫోను చేస్తుంది. ముసలితల్లి నిద్రమత్తులోనే ‘బుల్లీ’ అంటుంది. అంతటితో ఆ రోజు తీరినట్టు. అమ్మాయి రాసిన రెండు పంక్తులు ఇవి: ‘అమ్మమ్మ బుల్లీ అంటుంది. నేను అమ్మా అంటాను.’

మరి తమ్ముడో అన్నాను. తల్లి వెళ్ళేనాటికి వాడికి ఏడాది. అమ్మమ్మనే అమ్మా అంటాడట. ఫోనులో కనబడే మనిషిని అమ్మమ్మ ఏమంటే వాడూ అదే - ‘బుల్లీ!’ మొదటిసారి విని ఇల్లంతా నవ్వారట. తప్పురా, అమ్మా అనాలి అని అమ్మమ్మ రెండు తగిలించబోతే, అవతలినుంచి ఈమె, ‘ఉండనీయవే అమ్మా, అలా పిలిచేవాళ్ళు ఇద్దరయ్యారు’ అందట.

ఈ సంక్రాంతికి సెలవు ఇచ్చారు. రెండు నెలలు. టిక్కెట్టు కూడా యజమానే కొన్నాడు. వాడిప్పుడు ఒకటో తరగతి. అమ్మమ్మ పట్టుదలగా పాఠం మొదలుపెట్టింది. అన్నం పెట్టేముందు ‘అమ్మ వస్తోంది, ఏమని పిలుస్తావురా?’ అని అడుగుతుందట. వాడు రోజూ చక్కగా ‘అమ్మా’ అంటాడట, ముసలమ్మ మొహంలోకి చూస్తూ.